అలరాచమల్లుని రాయబారము – పేరిందేవి మాంగల్యము

పల్నాటి వీరగాథ యనగానే చదువరుల మనస్సున మొట్టమొదట నిలుచునది బాలచంద్రుని మూర్తి. బొంగరపు టాట, మాంచాల గృహము, కార్యమపూడి రణభూమి, ఈ మూడింటిని గూర్చి బడిపిల్లవాడును నాలుగు మాటలు చెప్పగలడు. అలరాచమల్లుని పేరు మాత్రము కథాసంగ్రహములయందు ఒక వాక్యమున వచ్చి, ఆ వాక్యముతోడనే మాయమగుచున్నది. రాయబారమునకు బోయెను, విషము పెట్టబడెను, యుద్ధము వచ్చెను అని చెప్పి ముందునకు సాగుట వ్యాఖ్యాతలకు నలవాటైనది. ఆ యొక్క వాక్యమున నడగియున్న విషయము చిన్నది కాదు. ఒక రాజకుమారుని యల్పాయువు, శత్రుగృహముతో నతనికి గల వివాహసంబంధము, ఆ సంబంధమే అతనికి రక్షయగునని యిరుపక్షములవారు నమ్మిన నమ్మకము, ఆ నమ్మకము చెడిన విధము, ఇవి యన్నియు నందు గలవు. ఈ ఘట్టమును దీసివేసినచో పల్నాటి గాథ కోడిపందెమున బుట్టిన జ్ఞాతివైర మగును గాని ధర్మయుద్ధము కాజాలదు. బాలచంద్రుని శౌర్యమును గ్రహించుటకును ఈ ఘట్టమే మూలమని చూపుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

కథాసంగ్రహము

గాథాసంప్రదాయము ననుసరించి హైహయవంశీయుడగు అనుగురాజు చందవోలు రాజుపుత్రికయైన మైలమదేవిని వివాహమాడి, పల్నాటిసీమను అరణముగా బడసెను. అతనికి మువ్వురు భార్యలు. మైలమదేవియందు నలగామరాజును, విజ్జలదేవియందు మలిదేవాదులును, భూరమాదేవియందు కామరాజు, నరసింగరాజు మొదలగువారును జనించిరి. నలగాముడు గురజాలయందు రాజ్యము సేయుచుండ, నాయకురాలు నాగమ్మ అతనికి మంత్రిణియయ్యెను. తండ్రినాటి మంత్రియగు దొడ్డనాయుని కుమారుడు బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షము వహించి, రాజ్యము రెండుగా జీలిన పిదప మాచెర్లను బలపరచెను. అంతట కోడిపందెము వచ్చినది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనని పణము. బ్రహ్మనాయుని పక్షమోడినది. మలిదేవుడు పరివారముతో మండాది, మేడపి మొదలగు తావుల గాలము గడపి, గడువు తీరిన పిదప తన భాగమును దిరిగి యిమ్మని కోరుటకు రాయబారిని బంపెను.

ఆ రాయబారియే అలరాజు. అలరాచమల్లు అనునదియు నతని పేరే. అతడు మలిదేవుని పక్షముననున్న కొమ్మరాజునకు గుమారుడు, నలగామరాజునకు జామాత. నలగాముని కూతురు పేరిందేవి యతని భార్య. అల్లుడు మామ కొలువునకు బోయి, గడువు తీరినదని చెప్పి, రాజ్యభాగమడిగెను. నాయకురాలి యాలోచనచే నలగాముడు నిరాకరించెను. తిరిగివచ్చు త్రోవలో చర్లగుడిపాడున నతడు విషముచే మడిసెను. పేరిందేవి భర్తతో సహగమనము చేసెను. అటుపిమ్మట కార్యమపూడియొద్ద రెండు పక్షములును మోహరించెను. ఈ యుద్ధకాలమును పండితులు సామాన్యముగా క్రీ. శ. 1176–1182 నడుమ నిర్ణయించుచున్నారు.

కథ యింతియే. ఇందలి ప్రతి సంధియు విమర్శకు దావిచ్చుచున్నది.

వియ్యము – రాజ్యము

పల్నాటి గాథ వివాహముతో నారంభమగుచున్నది. ఆ సీమ ఖడ్గముచే సాధింపబడినది కాదు. ఆడపడుచు వెంట నరణముగా వచ్చినది. ఇది గాథకు మూలసూత్రము. మైలమదేవి పుట్టింటి సొమ్మగు సీమపై మైలమదేవి కుమారుడగు నలగామునకు విశేషాధికారము గలదా, లేక తండ్రి యేలిన రాజ్యము కావున తండ్రి కుమారులందరకు భాగము గలదా యనునది యీ దాయాదివైరమునకు లోపలి ప్రశ్న. గాథ దీనిని న్యాయసభలో వలె విచారింపలేదు. విచారింపకున్నను, రాజ్యము వియ్యమువలన వచ్చినదన్న సంగతి ప్రతి ఘట్టమునకును వెనుక నిలిచియున్నది.

అట్టి సీమయందు రెండవ తరమున జరిగిన మరియొక వివాహము అలరాజ పేరిందేవులది. మొదటి వివాహము రాజ్యమును దెచ్చినది. ఈ రెండవది రాజ్యమును నిలుపవలసినది. రాచవారి పెండ్లిండ్లు వధూవరుల యిచ్ఛకంటె నెక్కువగా కులముల యవసరమును బట్టి జరుగునవి. కూతు నిచ్చిన యింటిపై కత్తి యెత్తరాదనియు, అల్లుని తమ యింటి బిడ్డగా జూడవలెననియు నున్న మర్యాద వ్రాతలేని సంధిపత్రము వంటిది. మలిదేవుని పక్షమునకు జేరిన కుటుంబమునకు నలగాముని కూతురు కోడలై యుండుట చేత, కోడిపందెము, వలస, ఏడేండ్ల యెడబాటు అన్నియు గడచిన పిదప కూడ ఈ రెండు పక్షముల నడుమ దెగకుండ నిలిచిన దారమొక్కటి యుండెను. అది పేరిందేవి మాంగల్యము.

వియ్యము సంధికి సాధనమగుట యొక పల్నాటి మాత్రమే కాదు. పల్నాటికి బొరుగుననే యున్న కొండవీటిని 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచినపుడు గజపతి కుమారుడగు వీరభద్రుడు చెరబడెను. ఆ రాజకుమారుడు తనకంటె దక్కువ కులమువానితో కత్తిసాము చేయుమన్న యవమానము సైపక ప్రాణము విడిచెనని పోర్చుగీసువాడగు నూనిజు వ్రాసినాడు. ఆ కథనమును చరిత్రకారులందరు నంగీకరింపలేదు. యుద్ధమంతమైన పిదప గజపతి పుత్రికను రాయల కిచ్చి సంధి చేసికొనుట మాత్రము ప్రసిద్ధము. అచట యుద్ధము ముందు, పెండ్లి వెనుక. పెండ్లి గాయమునకు గట్టిన కట్టు. పల్నాట పెండ్లి ముందు, యుద్ధము వెనుక. కట్టవలసిన కట్టే కొత్త గాయమైనది. వివాహము సంధికి జామీనుగా నిలువవలెనన్నచో అల్లుని ప్రాణము మామచేతిలో భద్రముగా నుండవలెను. ఆ యొక్క భద్రత తప్పినచో కూతు నిచ్చుట కంటె నియ్యకుండుటయే మేలగును.

భారతముతోడి పోలిక

పల్నాటి గాథకు భారతముతో గల సాదృశ్యము చాలకాలముగా జెప్పబడుచున్నదే. జ్ఞాతివైరము, ద్యూతమునకు మారుగా కోడిపందెము, అజ్ఞాతారణ్యవాసములకు మారుగా ఏడేండ్ల వలస, కృష్ణస్థానమున బ్రహ్మనాయుడు, అభిమన్యుస్థానమున బాలచంద్రుడు, కురుక్షేత్రమునకు మారుగా కార్యమపూడి అని వరుస చెప్పుట తేలిక. పోలిక యింత చక్కగా గుదిరినపుడు, కుదరని చోటును వెదకుట విమర్శకుని పని. ఆ కుదరని చోటు అలరాజ ఘట్టమే.

ఉద్యోగపర్వమున రాయబారములు పెక్కు జరిగినవి. ద్రుపదుని పురోహితుడు కౌరవసభకు బోయి వచ్చెను. సంజయుడు పాండవులకడకు బోయి వచ్చెను. కృష్ణుడు స్వయముగా హస్తినకు బోయెను. దుర్యోధనుడు కృష్ణుని బంధింప దలచెను గాని విశ్వరూపము చూపిన స్వామిని బంధింపలేకపోయెను. రాయబారములన్నియు విఫలములైనను రాయబారులందరు ప్రాణములతో దిరిగివచ్చిరి. రామాయణమునను హనుమంతుని జంపుమని రావణుడాజ్ఞాపింప, దూత యవధ్యుడని విభీషణుడు వారించెను; అంతటి రావణుడును ఆ మాటకు లోబడి వేరు శిక్షతో దృప్తి పడెను. అర్థశాస్త్రకర్తయగు కౌటిల్యుడు దూత యెంత హీనజాతివాడైనను వధ్యుడు కాడనినాడు. ఇతిహాసములును నీతిశాస్త్రమును నేకగ్రీవముగా గాపాడిన యీ మర్యాద పల్నాట దెగినది. తెగినదియు సభలో బాహాటముగా గాదు. అన్నములో, దారిలో, మామయేలెడి సీమలోనే.

కావున అలరాజునకు భారతమున సమానమైన పాత్ర లేదు. భారతములోని రాయబారి దేవుడు. అతడు తన్ను దాను గాపాడుకొనెను. పల్నాటి రాయబారి మనుష్యుడు, యువకుడు, అల్లుడు. ఈ మూడింటిలో మూడవదానినే అతడు కవచముగా ధరించి వెళ్లెను.

ఇచట స్మరింపదగిన మరియొక కథ భాగవత దశమస్కంధమున గలదు. కృష్ణపుత్రుడగు సాంబుడు దుర్యోధనుని కూతురు లక్షణను స్వయంవరమున నెత్తుకొనిపోగా కౌరవు లతని బట్టి కట్టిరి. బలరాముడు వచ్చి, వారి గర్వోక్తులకు గోపించి, నాగలితో హస్తినాపురమును గంగ వైపునకు లాగ నారంభించెను. అపుడు దుర్యోధనుడు వెరచి కూతునల్లుని బహుమానములతో సాగనంపెను. అచట గూడ శత్రుపక్షపు కుమారుడు మామ చేతికి జిక్కినాడు. అయినను మామ యల్లుని ప్రాణము తీయలేదు, వెనుక బలరాముడున్నాడు. అలరాజు వెనుక బ్రహ్మనాయుడున్నాడు. జనుల పాటలో బ్రహ్మనాయుడు విష్ణ్వంశ సంభూతుడే. అయినను చర్లగుడిపాటి విషము నాపువారు లేకపోయిరి. గాథకారుడు దైవబలమును బ్రహ్మనాయున కిచ్చియు, ఆ బలమును అలరాజ రక్షణకు వినియోగింపలేదు. వినియోగించినచో కథ సుఖాంతమగునే గాని సత్యము కాకపోవును. ఇది గాథయొక్క లోపము గాదు, దాని ధైర్యము.

రాయబారిగా నల్లుని బంపుట

మలిదేవుని పక్షమున భట్టులు, విప్రులు, మంత్రులు నుండగా అలరాజునే యేల పంపవలసివచ్చెనని యడుగుట విమర్శకు విధి. బ్రాహ్మణుని వర్ణము కాపాడును; భట్టును వృత్తి కాపాడును; అల్లుని బంధుత్వము కాపాడును. మూడు రక్షలలో బంధుత్వమే మిక్కిలి బలవత్తరమని పంపినవారు తలచియుందురు. అల్లుడడిగినచో మామ కాదనడనియు, కాదన్నను కీడు సేయడనియు వారి యూహ.

ఈ యూహలో నొక స్వార్థమును గలదు. కూతుపై తండ్రికి గల ప్రేమను రాజ్యభాగ మడుగుటకు సాధనముగా జేయుట పేరిందేవి మాంగల్యమును పందెపు టొడ్డుగా నుంచుటయే. ఏడేండ్ల క్రిందట కోళ్లను పందెమున నిలిపి రాజ్యమును గోలుపోయిన పక్షమువారే ఇపుడొక దాంపత్యమును పందెమున నిలిపిరి. కోడిపందెమున మోసము జరిగినదని వాపోవువారు, మోసము చేసిన యింటికే అల్లుని నొంటిగా బంపుట విచారింపదగిన విషయము. బ్రహ్మనాయుని స్తుతించు వ్యాఖ్యాతలు దీనిని స్పృశింపరు. చాపకూటిని నెలకొల్పి కులభేదముల నెదిరించిన మహాపురుషుడని యతని గౌరవించుట యుక్తమే. అట్టి గౌరవము ఈ ప్రశ్నను మూయుటకు సాధనము గారాదు. విషము పెట్టిన పాపము గురజాలది. విషము పెట్టుట కవకాశమున్న త్రోవకు బిడ్డను బంపిన బాధ్యత మాచెర్లది. పాపమును బాధ్యతయు నొక్కటి కావు. అయినను రెండును గాథలోనివే.

దోష మెవ్వరిది?

సామాన్యముగా ఈ హత్య నాయకురాలి దోషముల జాబితాలో జేర్చబడుచున్నది. కొన్ని పాఠములయందు నరసింగరాజు చేతికిని ఈ రక్త మంటినది. నాగమ్మ జిట్టగామాలపాటి కాపుటింట బెరిగి, స్వప్రజ్ఞచే మంత్రిత్వమునకు వచ్చిన వనిత. ఆమె బుద్ధిబలము జనుల గాథకు విస్మయము, వ్యాఖ్యాతలకు జంకు కలిగించినది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘నాయకురాలు’ అను పేరనే నాటకము వ్రాయుట యా పాత్రయందలి యాకర్షణకు సాక్ష్యము. ఆమెను నిర్దోషిగా నిరూపింప బూనుట గాథ కెదురీదుటయే యగును. అయినను సమస్తమును నామెపై మోపుట గాథలోని సూక్ష్మమును గోల్పోవుట.

మంత్రి యాలోచన చెప్పును. రాజు చేయును, లేదా చేయనిచ్చును. నలగాముడు రాజు. చర్లగుడిపాడు అతని సీమ. మృతుడతని యల్లుడు. నాయకురాలికి అలరాజు శత్రుపక్షపు రాయబారి మాత్రమే. నరసింగరాజునకు దాయాదుల మనిషి. నలగామున కొక్కనికే అతడు కూతురి భర్త. ముగ్గురిలో హత్యను దన హృదయమున బాపముగా దెలియగల వాడొక్కడే యుండగా, వాడు మౌనము వహించెను. గాథలోని యతిభయంకరమైన కార్యము నాగమ్మ యాలోచన కాదు, నలగాముని మౌనము. మంత్రిణి వెనుక రాజు దాగుట, ఆ మంత్రిణి స్త్రీ యగుటచేత లోకము రాజును మరచి యామెనే నిందించుట, ఈ రెండును తరతరములుగా జరిగినవి. పాఠశాలలలో ఈ కథ చెప్పువారు ‘నాగమ్మ చంపించెను’ అని ముగింపక, ‘తండ్రి యూరకుండెను’ అనియు జెప్పవలెను. అపుడే పిల్లలకు రాజధర్మమన నేమో తెలియును.

ఒకే కార్యమున నాలుగు ధర్మములు భగ్నములైనవి. దూత యవధ్యుడను ధర్మము, అతిథికి బెట్టెడి యన్నము పవిత్రమను ధర్మము, అల్లుడు పుత్రసముడను ధర్మము, కూతు మాంగల్యమును దండ్రి కోరవలెనను ధర్మము. కోడిపందెమున మోసము జరిగినదందురు. అందు బోయినది రాజ్యము. చర్లగుడిపాటియందు బోయినది మనుష్యులు మనుష్యులను నమ్ముట కాధారమైన కట్టుబాటు. పోయిన రాజ్యమును దిరిగి యడుగవచ్చును. అది పోయిన పిదప అడుగుటకు బంపదగిన మనుష్యుడే యుండడు.

బాలచంద్రుని యాగ్రహము

ఇక బాలచంద్ర ఘట్టము. శ్రీనాథుని పేర బ్రసిద్ధమైన ద్విపద పల్నాటి వీరచరిత్రమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో బ్రకటించెను. దానియందు బాలచంద్ర యుద్ధమే ప్రధానము. పింగళి లక్ష్మీకాంతము పరిష్కరణము 1961లో వెలువడినది. కృతికర్తృత్వమును గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. ఆ చర్చ యిచట నప్రస్తుతము. చదువుకొన్నవారికి బల్నాటి గాథ యనగా బాలచంద్రుని కథ యగుటకు ఈ ముద్రిత ప్రతి ప్రధానకారణమని మాత్రము చెప్పవలెను.

ఆ కృతిని విడిగా జదువువారికి ఒక సంశయము కలుగును. బాలుడు బొంగరమాడుచుండ అది యొక స్త్రీ పాదమునకు దగిలినది. ఆమె నొప్పితో, తండ్రులు రణమున నుండగా నీవిచట నాటలాడుచుంటివా యని యెత్తిపొడిచినది. బాలుడు రోషించి రణమునకు బయలుదేరెను. అచట పెద్దలు సంధికి సమ్మతించియుండగా నా సంధిని జెఱచెను. ఇంత మహాసంహారమునకు నొక బొంగరమా కారణము? పెద్దల సంధిని బాలుడు చెఱచుట శౌర్యమా, చాపల్యమా? ఈ సంశయమునకు సమాధానము బాలచంద్ర ఘట్టమున వెదకిన దొరకదు. అలరాజ ఘట్టమున గలదు.

అలరాజు మడిసిన పిదప జరుగు సంధి వేరు, మడియక పూర్వము జరుగు సంధి వేరు. పూర్వపు సంధి రాజ్యభాగమును గూర్చినది. అందు నిచ్చిపుచ్చుకొనుట గలదు. తరువాతి సంధి శవమును దాటి చేసికొనవలసినది. అందు నెవ్వరు నెవ్వరికేమి యియ్యగలరు? పెద్దలు లెక్కలు చూచిరి: ఎంత సైన్యము, ఎంత భూమి, ఎంత కాలము. బాలుడు లెక్కింపని దొక్కటే చూచెను. సంధి చేయుమని వచ్చిన మాటకు హామీ యేమి? క్రిందటిసారి హామీగా నిలిచినది కూతు మాంగల్యము. దానికంటె బెద్ద హామీని గురజాల యెక్కడనుండి తెచ్చును? ఈ దృష్టితో జూచినచో బాలచంద్రుని తిరస్కారము చాపల్యము గాక తర్కమగును. అతడు శాంతిని ద్వేషించినవాడు గాడు. శాంతికి జామీను లేదని గుర్తించినవాడు.

అలంకారశాస్త్ర పరిభాషలో జెప్పవలెనన్నచో, బాలచంద్రునియందలి యుత్సాహమునకు బొంగరపు టెత్తిపొడుపు ఉద్దీపనము మాత్రమే. దాని వేరు అలరాజ మరణమున బుట్టిన శోకక్రోధములయందున్నది. కరుణము వీరమునకు అంగమై, తాను వెనుకకు దొలగి, వీరమును ముందునకు దోయుచున్నది. అంగమును విస్మరించినచో అంగి కృశించును. మహావీరుని గొప్పచేయదలచి అలరాజును విస్మరించినవారు నిజమునకు బాలచంద్రునే తగ్గించినవారైరి.

దీనికి బ్రత్యుత్తరము లేకపోలేదు. ప్రతీకార మెంత న్యాయ్యమైనను దాని ఫలము సర్వనాశమేకదా, పెద్దల సంధి నిలిచినచో నెన్ని వందల గృహములు నిలిచియుండునోకదా యని యనవచ్చును. ఈ మాట కొట్టివేయదగినది కాదు. గాథయు దీనిని గొట్టివేయలేదు. యుద్ధాంతమున జయము పొందితిమని యుప్పొంగినవా రెవ్వరును లేరు. బ్రహ్మనాయుడు రాజ్యమును నలగామునకే విడిచి గుత్తికొండ బిలము బ్రవేశించెనని సంప్రదాయము. గాథ నలగామునకు రాజ్యమును మిగిల్చినది. కూతుని, అల్లుని మిగిల్పలేదు. తీర్పు చెప్పకయే చెప్పిన తీర్పిది.

పేరిందేవి

ఈ గాథలో మాంచాలకు విమర్శకులనుండి లభించిన గౌరవము పేరిందేవికి లభింపలేదు. మాంచాల భర్తృవిరహము ననుభవించి, చేరవచ్చిన భర్తను తానే రణమునకు బురికొల్పి పంపిన వీరపత్ని. ఆమె చేతిలో నిర్ణయమున్నది. ఆమె త్యాగమునకు వీరస్వర్గమను ప్రతిఫలము నున్నది. పేరిందేవికి రెండును లేవు. ఆమె భర్త యుద్ధమునకు బోలేదు. యుద్ధము రాకుండ జేయుటకు బోయెను. కత్తిచే మడియలేదు, కూటిచే మడిసెను. వీరమరణమను నూరటయు నామెకు మిగులలేదు. చంపినవారెవరని యడిగినచో ఆమె చూపవలసినది తన పుట్టిల్లు. పసుపుకుంకుమల నిచ్చిన యిల్లే వానిని దుడిచినది. పుట్టినింటి నిందింపక మెట్టినింటి దుఃఖమును జెప్పలేదు. మెట్టినింటిని విడువక పుట్టినింట నిలువలేదు. రెండు గృహములను గలుపుటకై పెండ్లి చేయబడిన స్త్రీకి రెండు గృహములును లేకపోవుట యీ కథలోని పరమకరుణము.

పాట యామెను సహగమనముచే దేవతను జేసినది. అది యా కాలపు లోకము దుఃఖితురాలి కీయగలిగిన గౌరవరూపము. 1829లో బెంగాలునందును, 1830లో మద్రాసు రాజధానియందును ఆ యాచారము శాసనముచే నిషిద్ధమైనది. నేటి విమర్శకుడు దానిని బ్రశంసింప బనిలేదు. ప్రశంసింపదగినది వేరొకటి గలదు. తండ్రి రాజ్యము, మంత్రిణి నీతి, బాబాయిల బలము, వీనిలో నొక్కటియు నామె దుఃఖమును దాచిపెట్టలేకపోయెను. గాథ యామె చితిని యుద్ధమునకు ముందు నిలిపి, కార్యమపూడికి బోవు శ్రోతలందరిని ఆ మంటప్రక్కగా నడిపించినది. చితిని జూచి పూజించి దాటుటకంటె, ఆ చితి పేర్చినదెవరని యడిగి దాటుట గాథ కెక్కువ న్యాయము.

వ్రాత – పాట

ముద్రిత గ్రంథమున మరుగుపడిన అలరాజును నిలుపుకొన్నది జనుల స్మృతి. కారెమపూడియందు నాగులేటి యొడ్డున వీరులగుడికడ కార్తికామావాస్యనుండి యయిదు దినములు వీరుల తిరునాళ్లు జరుగుచున్నవి. ఆ దినముల పేర్లు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. అయిదింట నొకదినము రాయబారమునకే యంకితము. రెండవనాడే అది వచ్చుట గమనింపదగినది. పండితుల పుస్తకము యుద్ధమును ముందు నిలిపినది. జనుల పండుగ యుద్ధము రాకుండ జేసిన ప్రయత్నమును ముందు నిలిపినది. కత్తియు డాలును ధరించి పాడు వీరవిద్యవంతులు ఈ స్మృతికి ధర్మకర్తలు. క్రీడాభిరామమున నోరుగంటి వీథులలో బల్నాటి వీరుల పాట వినబడుచున్నదన్నచో, ఆ పాట యెంత పాతదో, యెంత దూరము పోయినదో తెలియుచున్నది. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథలను బరిశోధించిన పిదపను, అమెరికా పండితుడు జీన్ రోఘైర్ కారెమపూడి ప్రాంతపు గాయకుని పాటను సేకరించి 1982లో నాంగ్లమున బ్రకటించిన పిదపను, పాటపాఠమును ‘పామరుల కథ’ యని త్రోసివేయుట యసాధ్యమైనది.

వ్రాతప్రతి కవిత్వమున మిన్న. పాటపాఠము కార్యకారణ సంబంధమున మిన్న. రెండింటిని గలిపి చదువనిదే పల్నాటి గాథ పూర్ణము గాదు. పాఠ్యభాగములను గూర్చువారు బాలచంద్ర ఘట్టమునకు ముందు అలరాజ రాయబారమును, గద్యరూపముననైనను, చేర్చుట యత్యావశ్యకము.

2022లో నరసరావుపేట కేంద్రముగా నేర్పడిన పల్నాడు జిల్లా గాథలోని పాత పల్నాటికంటె విశాలమైనది. గురజాల, మాచెర్ల, కారెమపూడి, చర్లగుడిపాడు మొదలగు కథాస్థలములతో బాటు, రొంపిచెర్ల, నరసరావుపేట, వినుకొండ ప్రాంతములును నేడు పల్నాడను పేరునే ధరించుచున్నవి. రొంపిచెర్ల బడిలో గూర్చున్న బాలునకు ఈ గాథ యిపుడు పొరుగుసీమ కథ గాదు. తన జిల్లా పేరునకు వ్యాఖ్యానము. ఆ వ్యాఖ్యానము బొంగరముతో మొదలుపెట్టి కత్తితో ముగించినచో వాడు నేర్చుకొనునది పౌరుషము మాత్రమే. పెండ్లికొడుకుగా నొకనాడు పల్లకిలో నేగిన యింటికి, రాయబారిగా మరియొకనాడు నమ్మకమే యాయుధముగా వెళ్లి, తిరిగిరాని యువకునితో మొదలుపెట్టినచో, పౌరుషమునకు ముందు నిలువవలసినది విశ్వాసమనియు, విశ్వాసము చచ్చినచోట పౌరుషము శ్మశానమును గాచుట తప్ప మరేమియు జేయజాలదనియు గ్రహించును. బాలచంద్రుడు గొప్పవాడు. అతని గొప్పతనమునకు బీజము వేసిన మరణము చర్లగుడిపాటి దారిలో జరిగినది. ఆ దారిని జూపకుండ కార్యమపూడిని జూపు విమర్శ అసంపూర్ణము.